పోతయ్య చేతిలోని గ్లాసు

“నాగక్క నా ప్రాణం నిలబెట్టిన మనిషి. రేపు ఇంకెవరో చెప్తే వినే బదులు, ఇయ్యాల నా నోటితోనే వినుండ్రి,” అన్నాడు సీఐడీ ఇన్‌స్పెక్టర్ రామ్‌సింగ్.

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ సీతయ్య లాఠీని బల్లమీద పెట్టి కుర్చీలో వెనక్కి వాలాడు. మధిర వైపు మనిషి. మాట మెత్తగా ఉంటుంది కానీ పట్టు మాత్రం ఉడుం పట్టు.

“అయితే ఈ కేసు మీరు చూడకూడదు కదండీ,” అన్నాడు.

“అందుకే ఏది చూసినా మీ ముందరనే చూస్త. నా కన్ను తప్పితే మీ కన్ను పట్టుకుంటది.”

సీతయ్యకు ఆ జవాబు నచ్చినట్టూ లేదు, నచ్చనట్టూ లేదు. సాయంత్రం లోపల నాగక్కను కొత్తగూడెం కోర్టులో హాజరు పెట్టాలని, అప్పటిదాకా సీఐడీ వారు ఏం చూసుకున్నా తనకు అభ్యంతరం లేదని చెప్పాడు.

వాళ్లు కూర్చున్నది ములకలపల్లి దాటాక అడవి అంచున ఉన్న వనమిత్ర మహిళా సంఘం షెడ్డులో. చుట్టుపక్కల కోయగూడేల ఆడవాళ్లు ఇప్పపూలు ఏరి, పాకం పట్టి, అందులో గ్యాస్ కలిపి సీసాల్లో నింపే చిన్న కార్ఖానా అది. నిన్నగాక మొన్న దానికి ప్రారంభోత్సవం జరిగింది. ఇప్పపూల వ్యాపారి పోతయ్యను కూడా అతిథిగా పిలిచారు. సంఘం అధ్యక్షురాలు నాగక్క తన చేత్తో పోసి ఇచ్చిన గ్లాసు ఆయన సగం తాగాడు. కాసేపటికి కడుపు పట్టుకుని కుర్చీలోంచి కింద పడ్డాడు. నాగక్కే పరుగున వెళ్లి ఆయన్ను పక్కకు తిప్పి, గొంతులో వేలు పెట్టి కక్కించింది. ఆయన తల ఒళ్లో పెట్టుకుని జీపులో భద్రాచలం దవాఖానాకు తీసుకుపోయింది. గన్నేరు విషమని, కక్కించకపోతే దారిలోనే గుండె ఆగిపోయేదని డాక్టర్లు చెప్పారు. ఆ సాయంత్రమే సీతయ్య నాగక్కను విచారణకని స్టేషన్‌కు తెచ్చి, నిన్న సాయంత్రం అరెస్టు చేశాడు.

ఆయన వాదన సూటిగా ఉంది. గ్లాసు పోసింది ఆమె. సంఘం పెట్టినప్పటి నుంచి గూడేల పూలు పోతయ్య దుకాణానికి పోవడం లేదు గనుక ఇద్దరికీ పడదు. పైగా మనిషి పడిపోగానే అందరూ నిలబడి చూస్తుంటే, ఏం చేయాలో ఆమె ఒక్కదానికే ఎలా తెలిసింది?

రామ్‌సింగ్ గుండెలో ముల్లులా దిగింది ఆ చివరి ప్రశ్నే. ఆయన ఏన్కూరు దగ్గర తండాలో పుట్టినవాడు. కానిస్టేబులై ఈ అడవి ఔట్‌పోస్టుకు కొత్తగా వచ్చిన ఏడాది మలేరియా మెదడుకెక్కి ఒళ్లు తెలియకుండా పడిపోయాడు. అప్పుడు నాగక్క ఆరోగ్య ఉపకేంద్రంలో ఆయా. వాగు నిండుగా పారుతుంటే ఆయన్ను మంచానికి కట్టి, నలుగురి చేత మోయించి, తను నడుములోతు నీళ్లలో పక్కనే నడుస్తూ ఆయన ముఖం తడవకుండా గొడుగు పట్టింది. రామ్‌సింగ్‌కు ఈ సంగతులేవీ గుర్తులేవు. మోసినవాళ్లు తర్వాత చెప్పారు. భుజంమీద నక్షత్రం పెరిగినప్పుడల్లా ఆయనకు ఎవరో చెప్పిన ఆ గొడుగే కళ్ల ముందు మెదిలేది. కోపం కళ్లకు ఎంత గంతలు కడుతుందో కృతజ్ఞతా అంతే కడుతుందని ఆయనకు తెలుసు. అందుకే సీతయ్యతో దాచకుండా చెప్పాడు.

ముందు నాగక్కను పిలిపించారు. రెండు రాత్రులు స్టేషన్‌లో గడిపినా ఆమె తల దించుకోలేదు. రామ్‌సింగ్ ‘అక్కా’ అనబోయి ఆగాడు.

“పోతయ్య గ్లాసు నువ్వే పోసినవా?”

“అవ్, నేనే. అందరి ముందట సీస మూత తీసి పోసిన.”

“కక్కిచ్చాలని నీకెట్ల తెలుసు?”

“దవాఖానల అన్నేండ్లు చేసిన గద సారూ. పత్తికి కొట్టే మందు తాగినోళ్లను ఎంతమందిని చూసిన. మనిషి పడిపోతె ముందుగాల పాణం చూస్తం గాని, ఏ మందు తాగినవని అడుక్కుంట కూసుంటమా?” అని, సీతయ్య వైపు తిరిగి, పోతయ్య లేచి కూర్చున్నాడా అని అడిగింది. నిన్నటి నుంచి జావ తాగుతున్నాడని సీతయ్య చెప్పాడు. ఆమె రెండు చేతులూ జోడించి, ఎవరికో తెలియదు గానీ, దండం పెట్టుకుంది.

తర్వాత ఇద్దరు ఇన్‌స్పెక్టర్లూ షెడ్డు ముందున్న వేదిక ఎక్కారు. కానిస్టేబుల్ కాపలా ఉండడం వల్ల కుర్చీలు, బల్ల, వాడిన దండలు ఎక్కడివక్కడే ఉన్నాయి. కుర్చీలకు తొడిగిన తెల్లగుడ్డలు వేదిక చెక్కపలకల దాకా వేలాడుతున్నాయి. రామ్‌సింగ్ మోకాళ్ల మీద కూర్చుని ఒక్కో కుర్చీ గుడ్డా ఎత్తి చూశాడు. పోతయ్య కూర్చున్న కుర్చీ దగ్గర ఆగాడు.

కుర్చీ కింద పలక మీద గుండ్రటి మరక ఉంది. దాని చుట్టూ చీమలు పట్టాయి.

“ఎవరో టీ గ్లాసు పెట్టి ఉంటారు,” అన్నాడు సీతయ్య.

“వాసన చూడుండ్రి.”

సీతయ్య వంగి చూశాడు. టీ వాసన కాదు, ఇప్పపూల వాసన. సంఘం గ్లాసు ఒకటి తెప్పించి మరక మీద పెడితే సరిగ్గా అతికింది. మిగతా ఏ కుర్చీ కిందా అలాంటి గుర్తు లేదు.

ఈ కుర్చీలో కూర్చున్నాయన ఇక్కడి నుంచి ఎప్పుడైనా లేచాడా అని రామ్‌సింగ్ అడిగాడు. లేవలేదని, ఆ రోజు బందోబస్తులో ఉన్న కానిస్టేబుల్ చెప్పాడు. జ్యోతి వెలిగించడానికి వేదిక మీదివాళ్లంతా అటు చివరికి వెళ్లారు. మోకాళ్ల నొప్పులని పోతయ్య ఒక్కడే కూర్చుండిపోయాడు. జనం కళ్లూ, వీడియో కెమెరా కూడా జ్యోతి వైపే తిరిగాయి.

“గుర్తు ఉంటే ఉందండీ,” అన్నాడు సీతయ్య. “గ్లాసు మారిందని మీ అనుమానం. అనుమానాన్ని కోర్టు ఒప్పుకోదు. క్యాసెట్ నేను మూడుసార్లు చూశాను. ఆమె పోసింది ఒక గ్లాసు, ఆయన తాగింది ఒక గ్లాసు. రెండూ ఒకేలా ఉన్నాయి.”

“మీ కంటికి, నా కంటికి ఒక్క తీరుగనే ఉన్నయి. అందుకే మేడమ్‌ను పిలిపిచ్చిన.”

ఆ మేడమ్ నిర్మలాదేవి. ఖమ్మంలో ఒక కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్. సోడాల్లో, కూల్‌డ్రింకుల్లో బుడగలు ఎలా పుడతాయి, ఎంత లావున ఉంటాయి, ఎంతసేపట్లో పోతాయి అన్నది ఆమె పరిశోధన. సీసాల్లో గ్యాస్ నిలవడం లేదని సంఘం వాళ్లు మొరపెట్టుకుంటే పైసా తీసుకోకుండా వచ్చి దారి చూపిన మనిషి. ప్రారంభోత్సవం రోజు వీడియో తీసే అబ్బాయిని, మనుషుల ముఖాలతో పాటు గ్లాసులను కూడా వీలైనంత దగ్గరగా తియ్యమని ఆమే బతిమాలింది. తన పరిశోధనకు పనికొస్తుందనుకుంది తప్ప ఇలాంటి పనికొస్తుందని ఆమె కలలో కూడా అనుకోలేదు.

కంప్యూటర్‌ను బొంతల్లో చుట్టి జీపులో తెచ్చింది. షెడ్డు వెనక జనరేటర్ మోత మొదలైంది. వీడియో బొమ్మను కంప్యూటర్‌లోకి దించే కార్డు ఒకటి అందులో ఉంది. తెరమీద మొదట నాగక్క సీసా మూత తీసి పోస్తున్న గ్లాసును నిలిపింది. కంప్యూటర్ ఆ బొమ్మను చుక్కలు చుక్కలుగా విడగొట్టి, గుండ్రటి అంచు కనపడ్డ చోటల్లా ఒక సున్నా గీసింది. చూస్తుండగానే గ్లాసు నిండా సన్నటి సున్నాలు ఇసకరేణువుల్లా పరుచుకున్నాయి. ఆ తర్వాత జ్యోతి వెలిగాక పోతయ్య ఎత్తి పట్టుకున్న గ్లాసును నిలిపింది. అందులో సున్నాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఉన్నాయి. అన్నీ పెద్దవే, గ్లాసు గోడకు అతుక్కుని ఉన్నాయి.

పోసిన కొత్తలో సన్న బుడగలు వేలకొద్దీ లేస్తాయని, ఈ ఎండలో పావుగంట దాటితే అవన్నీ పోయి గోడకంటుకున్న లావు బుడగలే మిగులుతాయని నిర్మలాదేవి వివరించింది. క్యాసెట్ బొమ్మలో మరీ సన్నవి మసకబారతాయి గనుక తన లెక్క నూటికి నూరుపాళ్లు కాదని కూడా ఆమే చెప్పింది. కానీ ఈ రెండు గ్లాసుల మధ్య తేడా మసక వల్ల వచ్చేది కాదంది. జ్యోతి వెలిగించడానికి పట్టింది రెండు మూడు నిమిషాలే. పోతయ్య చేతిలోని గ్లాసు మాత్రం అంతకు చాలా ముందే పోసి పెట్టినది.

సీతయ్య తెరవైపు చూస్తూ గడ్డం గోక్కున్నాడు. “మేడమ్, పసరేదైనా పడితే సోడా ఒక్కసారిగా పొంగి గ్యాస్ పోదా? ఆమె గ్లాసు పోసి, అందులోనే రసం వేసి ఉంటే?”

మంచి ప్రశ్న అని రామ్‌సింగ్ మనసులో ఒప్పుకున్నాడు. తనకు తట్టనందుకు సిగ్గుపడ్డాడు కూడా.

“పరీక్ష పెట్టుకోండి సార్,” అంది నిర్మలాదేవి. “గ్లాసులు మీరే పోయండి. నేను బయట నిలబడతాను. ఏది ఎప్పటిదో కంప్యూటర్ చూసి చెప్తాను. తప్పైతే ఈ క్యాసెట్‌ను మీరు లెక్కలోకి తీసుకోవద్దు.”

రామ్‌సింగ్‌నూ బయటికి పంపేశాడు సీతయ్య. వేదిక మీద మిగిలిన సీల్ సీసాలతో లోపల ఆయన ఒక్కడే తంటాలు పడ్డాడు. చాలాసేపటికి పిలిచాడు. బల్లమీద వరసగా నాలుగు గ్లాసులున్నాయి. నాలుగూ ఒకే ఎత్తు నిండి, కంటికి ఒకేలా ఉన్నాయి. వాటిని ఎవరూ తాగకుండా కానిస్టేబుల్‌ను పక్కన నిలబెట్టాడు.

నిర్మలాదేవి కెమెరా పెట్టి ఒక్కొక్కటే తెరమీదికి తెచ్చింది. మొదటిది చాలాసేపటి కిందటిదని, రెండోది అప్పుడే పోసినదని, మూడోది మధ్యలోదని చెప్పింది. నాలుగో గ్లాసు దగ్గర తటపటాయించింది.

“ఇది ఇప్పుడు పోసిందే,” అంది చివరికి. “కానీ ఇందులో ఏదో వేశారు. పొంగి తగ్గింది. లోపల బుడగలు తక్కువే, అయినా చూడండి, పైన గోడకు నురగ చార ఎంత ఎత్తున అంటుకుందో. పోతయ్య గారి గ్లాసుకు పైన గోడ పొడిగా ఉంది.”

సీతయ్య జేబులోంచి నలిపిన వేపాకులు తీసి బల్లమీద పెట్టాడు. తర్వాత కుర్చీ వెనక్కి నెట్టి లేచి, నాగక్క కూర్చున్న చోటికి వెళ్లాడు. ఈ సాయంత్రం ఆమెను కోర్టులో నిలబెట్టబోనని, పై అధికారికి తానే రాస్తానని, అప్పటిదాకా కానిస్టేబుల్ తోడుగా షెడ్డులోనే ఉండమని చెప్పాడు. సంఘం ఆడవాళ్లు కొందరు ఏడ్చేశారు. జంపక్క అనే ముసలామె వచ్చి నిర్మలాదేవి రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది. నిర్మలాదేవి కంప్యూటర్ వైరు సర్దుకుంటూ నిలబడింది.

రామ్‌సింగ్ నాగక్క ముందు నిలబడ్డాడు. ఇప్పుడు ‘అక్కా’ అన్నాడు. ఆమె అతని ముఖం చూసి, బక్కచిక్కినవ్ తమ్మీ అంది. అంతే.

పేచీ అక్కడితో తీరలేదు. పోలీసులు సీలు వేసిన, పాకం డబ్బాలున్న స్టోర్ గది తాళం తియ్యమని ఆడవాళ్లు అడిగారు. మూడు రోజులుగా ఎండకు ఉడికి పాకం పులిసిపోతుందని వాళ్ల బాధ. రామ్‌సింగ్ వాళ్ల తరఫున మాట్లాడాడు.

“గ్లాసు సంగతి తేలింది. పాకం సంగతి తేలలేదు,” అన్నాడు సీతయ్య. “హైదరాబాదు ల్యాబ్ నుంచి రిపోర్టు వచ్చేదాకా సీలు సీలే.”

“పేదోళ్ల కష్టం సార్, మట్టిపాలైతది.”

“అయితే అవనివ్వండి. నేను తియ్యను.”

రామ్‌సింగ్ పోతయ్యను చూడడానికి జీపెక్కాడు. దారంతా ఆయన మనసు సీతయ్య మొండితనం మీద కుతకుత ఉడుకుతూనే ఉంది.

భద్రాచలం దవాఖానాలో పోతయ్య దిండుకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. మంచం పక్కన ఆయన గుమాస్తా వీరభద్రం ఫ్లాస్కులోంచి జావ వంచుతున్నాడు. మూడు రోజులుగా కంటిమీద కునుకు లేకుండా సేవ చేస్తున్నాడని నర్సు మెచ్చుకుంది. రామ్‌సింగ్ అతన్ని కాసేపు బయట కూర్చోమని మర్యాదగా చెప్పి, తన వెంట వచ్చిన కానిస్టేబుల్‌కు కంటితో సైగ చేశాడు. కానిస్టేబుల్ కూడా వెళ్లి అతని పక్కనే కూర్చున్నాడు.

రామ్‌సింగ్ ప్రింటర్ మీద తీసిన రెండు బొమ్మలు దుప్పటి మీద పరిచాడు.

“ఇది నాగక్క పోసిన గ్లాసు. ఇది నువ్వు తాగిన గ్లాసు. రెండు ఒక్కటి కావు. తాగిన గ్లాసు అంతకుముందు నీ కుర్చీ కింద ఉండె. ఆ గుడ్డ కిందికి చెయ్యి పెట్టే వీలు నీకొక్కనికే ఉంది.”

పోతయ్య బొమ్మలను చూడలేదు. కిటికీలోంచి బయటికి చూశాడు.

“నేను సచ్చిపోతనని తెలిసి ఎట్ల తాగుత సార్?”

“నువ్వు సావాలని తాగలె. కక్కుకోవాలని తాగినవ్. సంఘం సరుకు తాగితె మనిషి పడిపోయిండని పదిమంది చూడాలె, కార్ఖానా మూతపడాలె. గంతేనా?”

గది బయట ఎవరో పిల్లవాడు ఏడుస్తున్నాడు. పోతయ్య రెండు బొమ్మలనూ బోర్లా తిప్పి పెట్టాడు.

“ఆ తల్లి ఒళ్లె తలకాయ పెట్టుకొని తెచ్చింది సార్,” అన్నాడు. “దారి పొడుగూత ‘అయ్యా, కళ్లు తెరువు, నిద్రపోకు’ అనుకుంటనే ఉంది. నాకు అన్ని ఇనబడ్డయి. ఎవర్ని జైలుకు పంపాలనుకున్ననో ఆమెనే నాకు పాణం పోసింది. రెండు రోజులాయె, ఎవరికి చెప్పాల్నో తెల్వక సస్తున్న.”

తర్వాత అంతా చెప్పుకొచ్చాడు. వాంతులయ్యే మంగకాయ రసం తెమ్మని తను అడిగితే వీరభద్రం సీసాలో తెచ్చి ఇచ్చాడు. సభకు ముందే ఒక గ్లాసులో కలిపి కుర్చీ కింద పెట్టిందీ వీరభద్రమే. జ్యోతి వెలిగించేటప్పుడు గ్లాసు మార్చుకుని, నాగక్క పోసినది వేదిక వెనక గడ్డిలో ఒంపేసి, ఖాళీ గ్లాసును కింద నిలబడ్డ వీరభద్రానికి అందించాడు పోతయ్య. గన్నేరని డాక్టర్ చెప్పేదాకా అది మంగకాయ కాదని ఆయనకు తెలియదు.

“నేను పోతె దుకాణం వాని చేతికే వస్తది. నాకు పిల్లల్లేరు,” అన్నాడు. “నిన్నటి సంది వాడే జావ తాపుతుండు సార్. వద్దంటె అనుమానపడ్తడని భయంభయంగ తాగుతున్న.”

రామ్‌సింగ్ ఫ్లాస్కును చేతిరుమాలుతో పట్టుకుని తన పక్కకు తీసుకున్నాడు. నిజం చెప్పినందుకు పోతయ్య చెయ్యి నొక్కి లేవబోయాడు. పోతయ్య ఆయన చొక్కా పట్టుకున్నాడు.

“ఇంకొకటున్నది సార్. నేను కక్కుకుంటె ఆఫీసర్లు సరుకు పరీక్ష చేస్తరు గద. పరీక్షల ఏదన్న దొరకాలె గద. అందుకని మిగిలిన రసం సంఘం పాకం డబ్బాల పోసి రమ్మన్న. సభ రోజు పొద్దున్నే పోసి వచ్చిండు. మూతకు ఎర్రగుడ్డ కట్టిన డబ్బ.”

రామ్‌సింగ్ పరుగున జీపు దగ్గరకు వచ్చాడు. వరండాలో వీరభద్రం చేతికి బేడీలు వెయ్యమని కానిస్టేబుల్‌కు దారిలోనే చెప్పాడు. వైర్‌లెస్ సెట్ అందుకుని, షెడ్డు దగ్గరున్న జీపుకు కలపమన్నాడు. గరగరల మధ్య సీతయ్య గొంతు దొరికింది.

“స్టోర్ గది తీసిన్రా?”

“మీరెన్నిసార్లు అడిగినా తియ్యనండీ. లక్క సీలు చెక్కుచెదరలేదు. మళ్లీ అదే పేచీనా?”

రామ్‌సింగ్ జీపు తలుపుకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. దారి పొడుగునా తాను తిట్టుకున్న ఆ మొండితనమే ఇన్ని ఇళ్ల మనుషులను కాపాడింది.

“సీతయ్య గారూ, మీకు చేతులెత్తి మొక్కుతున్న. తియ్యనందుకు. మీరు నా మాట ఇనుంటె ఈపాటికి ఎన్ని పీనుగులు లేచేటియో.” పాకంలో ఏముందో, ఏ డబ్బాలో ఉందో చెప్పాడు.

సీతయ్య గోడ చుట్టూ తిరిగి వెనక కిటికీలోంచి ఒకసారి లోపలికి చూసి వస్తానన్నాడు. బూట్ల చప్పుడు దూరమైంది. తిరిగి వచ్చిన గొంతులో మెత్తదనం లేదు.

“వెనక కిటికీ ఊచలు వంచేశారండీ. ఐదు డబ్బాలుండాలి, నాలుగే ఉన్నాయి. ఎర్రగుడ్డది లేదు.”

“వీరభద్రం మూడు రోజుల నుంచి నా ముందరి దవాఖానలనే ఉన్నడు.”

“అయితే ఎవరో తీపి పాకమని ఎత్తుకుపోయారు. అందులో ఏముందో వాళ్లకు తెలియదు.”

సెట్‌లో ఇంకో గొంతు చొరబడింది. నాగక్కది. పక్కనే నిలబడి అంతా విన్నట్టుంది.

“తమ్మీ, ఇయ్యాల సంత. పొద్దుగాలటి సంది షర్బత్ బండ్లు నడుస్తున్నయ్. దొంగపాకం కొనేది వాళ్లే. మేం ఉరుకుతున్నం. సంఘం ఆడోళ్లందరం పోయి ఒక్కొక్క బండి కాడ నిలబడ్తం.”

“ఎన్ని బండ్లుంటయక్కా?”

జవాబు వచ్చేలోపు అవతల జీపు ఇంజను మోగింది. ఆ మోతలో ఆమె మాట సగమే వినబడింది.

“లెక్కలేదు తమ్మీ. ఎండలు గద.”